ఆలుగడ్డకు బలమెక్కడిది?

మన మందమర్రి క్వార్టర్లల్ల ఫస్ట్ షిఫ్టు ఉన్నోళ్ల ఇంట్ల పొద్దుగాల ఏం వేగుతుందో, గోడ ఇవతల నిలబడి చెప్పగల్గుత. ఆలుగడ్డ! తొందరగ అయితది, పిల్లలు వంక పెట్టరు. బొగ్గుబాయి దిగేటోని సద్ది గిన్నెకు ఇంకేం కావాలె?

"దాంట్ల బలమేముంటది" అంటరా? అగో, మొదలువెట్టిండ్రు!

సరే, లెక్క చూద్దాం. వంద గ్రాముల పచ్చి ఆలుగడ్డల మాంసకృత్తులు రెండు గ్రాములు. కందిపప్పుల ఇరవై పైనే. ఐతే పప్పు ఎండుది, ఆలుగడ్డల ముప్పాతిక వంతు నీళ్లే. నీళ్లను తూచి పాపం దాన్ని తిడితె ఎట్ల?

ఆ రెండు గ్రాములను పెంచుదామని ఢిల్లీల అసిస్ దత్తా అనే సైంటిస్టు, ఆయనతోటి పనిజేసేటోళ్లు ఏం జేసిండ్రో ఇనుండ్రి. ఉత్తరాదోళ్లు లడ్డూలు జేస్కునే రాజ్‌గిరా ఉన్నది సూడు, మన తోటకూర జాతిదే. దాని గింజలకెల్లి ఏఎంఏ1 అనే జీను తెచ్చి ఆలుగడ్డల పెట్టిండ్రు! 2000ల మొదటి ఫలితం అచ్చయింది. 2010ల ఏడు రకాల మీద చేసి, మాంసకృత్తులు 60 శాతం దాకా పెరిగినయన్నరు. ముద్దుపేరు ప్రొటాటో. గంతులేయకుండ్రి! రెండు గ్రాములు కాస్త మూడు దాటుతయి, అంతే. పప్పు డబ్బా అటకెక్కించకుండ్రి.

ఈ ఆలుగడ్డను బడిపిల్లల మధ్యాహ్న భోజనంల పెడ్తమని 2003ల గట్టిగనే అనుకున్నరు. మరి ఏదీ? జీను మార్చిన విత్తనం మన రైతుల చేన్లకు వచ్చింది పత్తిలనే. ప్రొటాటో రైతుల దాకా రాలె.

జీను జోలికి పోకుండ, సంకరంతోటే బలం పెంచుదామంటే అదింకో తమాషా. ఆలుగడ్డ మంచిగ పూయాలంటే పగలు పొడుగుండాలె, చల్లగుండాలె. అందుకే సిమ్లా పక్కన కుఫ్రీ కొండ మీద సంకరం జేస్తరు. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ బాద్‌షా... ఇంటిపేరు లెక్క అన్నింటికీ కుఫ్రీనే! పువ్వుల కేసరాలు చిమటాతోటి పీకి, ఇంకో రకం పుప్పొడి అద్దుతరు. చిన్న టమాటా అసొంటి పచ్చకాయ కాస్తది. పచ్చడి నూరేరు, విషం! అండ్ల గింజలు బోలెడు, ఒక్కదానికి ఇంకోటి పోలిక ఉండదు. అడవి ఆలుగడ్డకెల్లి మంచి గుణం తెద్దామంటే చేదు కూడ వెంట వస్తది. ఏండ్లకేండ్లు వడగట్టాలె.

చిప్సు కోసమైతే కుఫ్రీ చిప్సోనా అని వేరే రకమే పుట్టించిండ్రు. పిల్లల నాలుక సంగతి ఆ సైంటిస్టులకు మనకంటే బాగ ఎరుక!