కాగితం తెలుపు

జనం పాపాలు మోసి మోసి నల్లబడ్డ గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి హంసై లేచిందట. హంసలదీవి పేరు వెనకున్న కథ ఇది. ఆ సంగమం దగ్గర నేను తీసిన ఫొటోని ఇప్పుడు నాన్న కోసం ప్రింట్ చేయించాలి. ఆయన పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు ఉప్పెన తర్వాత ఆ ఇంటి ఫొటో ఒక్కటీ మిగల్లేదు.

ఫొటో నిండా తెలుపే: నురగ, మబ్బు, ఎండ పడ్డ ఇసుక. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్లో మాత్రం తెల్ల ఇంకు ఉండదు. తెల్లగా కనపడాల్సిన చోట ఇంకు పడదు, అంతే. కాగితం ఎంత తెలుపో నురగా అంతే తెలుపు.

ఫలానా ప్రింటర్, ఇంకు, కాగితం కలిస్తే రంగులెలా వస్తాయో కొలిచి రాసిపెట్టిన ఫైలే ఐసీసీ ప్రొఫైల్. కాగితం తెలుపు కొలత కూడా అందులోనే ఉంటుంది. ఫొటోషాప్‌లో ఆ ప్రొఫైల్‌తో ప్రూఫ్ పెట్టి 'సిమ్యులేట్ పేపర్ కలర్' టిక్ చేస్తే, స్క్రీన్ తన తెలుపు మానేసి కాగితం తెలుపు చూపిస్తుంది. నలుపు కూడా పల్చబడుతుంది. ఫొటో మీద బూడిద చల్లినట్టుంటుంది. ప్రాణం ఉసూరుమని చాలామంది అక్కడే టిక్ తీసేస్తారు.

సగం తప్పు కంటిది. ఎదురుగా ఉన్నవాటిలో అన్నిటికంటే తెల్లగా ఉన్నదాన్నే అది తెలుపని ఒప్పుకుంటుంది. పక్కన తెల్లటి మెనూలు మెరుస్తుంటే ఫొటో మాసినట్టే ఉంటుంది. అందుకే స్క్రీన్ వెలుతురు గదికి తగ్గట్టు తగ్గించి, ఫుల్ స్క్రీన్ పెట్టి, టిక్ చేసేటప్పుడు చూపు పక్కకి తిప్పి, ఓ నిమిషం ఆగి చూడాలి. అప్పుడా కాగితమే తెలుపవుతుంది.

నాన్నకి రెండూ చూపించాను. మెరిసేదాన్ని "బావుందిరా" అన్నారు. రెండోదాన్ని మాత్రం దగ్గరికి లాక్కుని చూశారు. "ఇవీ మన నీళ్ళు. ఏరొచ్చి కలిసేచోట నురగ అంత తెల్లగా ఎక్కడుంటుందిరా?"

కాగితం తెల్లగా మెరవడానికి కలిపే బ్రైటెనర్లు అతినీల కిరణాల్ని నీలి వెలుగుగా మారుస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గుణం తగ్గి, కాగితం పసుపెక్కినట్టు కనిపిస్తుంది. అవి లేని కాటన్ కాగితం ఎంచుకున్నాను. మొదటిరోజు నుంచే దానిది మీగడ రంగు. మబ్బు అంచు మార్జిన్లో కలిసిపోకుండా అక్కడ చిటికెడు బూడిదరంగు ఉంచాను. నురగ జోలికి మాత్రం పోలేదు.