నోటికి రావలసిన భాష

భాషను కంటితో చదువుట వేరు, నోటితో పలుకుట వేరు. ఆంగ్లమున నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్నవారు సైతము, ఎవరైన ఆ భాషలో పలుకరించినంతనే తలవంచుకొని నిలుచుట నా ఉపాధ్యాయవృత్తిలో పెక్కుమారులు చూచితిని. వారికి తెలివి కొఱవడలేదు. నోటికి అలవాటు చాలలేదు.

ఈ తడబాటునకు కారణము కొంత మన భాషాస్వభావములోనే కలదు. తెలుగు అజంతభాష, మన మాటలు చాలవఱకు అచ్చుతో ముగియును. కావుననే ఆంగ్లపదములు మన నోటబడి బస్సు, కారు, రోడ్డు అయినవి. ఆంగ్లము మాటాడునప్పుడు ఆ చివరి ఉకారమును విడువవలెను. మఱియు "నేను పండు తింటిని" అని మనము క్రియను తుదకు చేర్తుము. ఆంగ్లమున "నేను తింటిని పండు" అను వరుస నడచును. తెలుగు వాక్యమును మనసులో కూర్చుకొని, దానిని మాటకు మాటగా మార్చబోవువాడు నడుమనే ఆగిపోవును. చిన్న చిన్న ఆంగ్లవాక్యములను ఉన్నవి ఉన్నట్లు నోటికి అలవఱచుకొనుటయే దీనికి మందు. ఇక ఊనిక యొకటి కలదు. "ప్రెజెంట్" అను మాటను మొదట ఊని పలికినచో కానుక యని అర్థము. చివర ఊని పలికినచో సమర్పించుట యని అర్థము. ఇట్టి భేదములు చెవితో వినక తెలియవు.

నా శిష్యుడొకడు, నేతపనివారి బిడ్డ, పట్టా పుచ్చుకొని ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోయెను. అడిగిన ప్రశ్నలన్నిటికి జవాబులు తెలిసియు, నోట మాట రాక, వట్టి చేతులతో తిరిగివచ్చెను. ఇంటిలో మగ్గమొక్కటే ఆధారము. చెల్లెలి చదువు వాని సంపాదనపైననే ఆధారపడియుండెను. నేను వానికి చెప్పినది స్వల్పము. ప్రతి ఉదయము ఒక పుట బిగ్గరగా చదువుమంటిని. రేడియోలో ఆంగ్లవార్తలు విని, వినినట్లే పలుకుమంటిని. సాయంకాలము ఒక మిత్రునితో చెఱువుగట్టుపై నడచుచు ఆంగ్లముననే మాటాడుమంటిని. రాత్రి పరుండుటకు ముందు ఆనాటి పనులను ఐదు చిన్న వాక్యములలో చెప్పుకొమ్మంటిని. దారినపోవువారు నవ్విరి. వాడు మానలేదు. ఏడాది తిరుగకమునుపే మఱియొక ఇంటర్వ్యూలో నెగ్గెను. ఆనాడును ఒకటి రెండు తప్పులు దొరలినవట. కాని వాడు ఆగక, వానిని దిద్దుకొని, చెప్పదలచినది చెప్పివేసెను.

పెద్దయైన పిదప పరభాష పట్టుపడదనుట సరికాదు. సి. పి. బ్రౌను 1817లో మదరాసు చేరి, ఉద్యోగధర్మముగా తెలుగు నేర్వ మొదలిడెను. పండితులను ఆశ్రయించి కృషి చేసి, 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయన మన భాషను నేర్వగలిగినప్పుడు, ఆయన భాషను మనమేల నేర్వలేము?

అట్లని తల్లిభాషను చులకన చేయరాదు. తన భావమును తెలుగున స్పష్టముగా చెప్పగలవానికి, దానిని మఱియొక భాషలో చెప్పుట సులువగును. నేడు చేతిఫోనులో మీ పలుకును మీరే మరల విని దిద్దుకొను సౌకర్యము కూడ కలదు. తప్పు దొరలునని వెఱవకుడు. పలుకనివాని తప్పును దిద్దువారుండరు. ఈ దినముననే ఒక పుట బిగ్గరగా చదువుడు.