గోడమీది బొంత

బొంత అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది లేమి. చిరిగిన చీరెలను, పంచెలను ఒకదానిపై ఒకటి పరచి, నాలుగంచులూ కలిపి కుట్టుకొని కప్పుకొనే వస్తువు కావడంచేత, ఇంటికి చుట్టము వచ్చినప్పుడు దానిని అటకమీదికి తోసివేసి కొత్త దుప్పటి తీయడమే మర్యాద అనిపించుకొన్నది. సంస్కృతంలో దీనికే కంథ అని పేరు. సన్న్యాసి భుజానా అదే, బిచ్చగాని భుజానా అదే. ఆ మాటే వంగదేశంలో 'కాంథా'గా నిలిచి, అక్కడి స్త్రీల చేతులలో వేరొక ప్రతిష్ఠను సంపాదించుకొన్నది. పాత చీరెల అంచులనుండి లాగిన రంగు దారాలతో, పాత చీరెల పొరలమీదనే వారు తామరలను, ఏనుగులను, రథాలను కుట్టినారు. ఐ.సి.ఎస్. ఉద్యోగి గురుసదయ్ దత్ (1882–1941) పల్లెలు తిరిగి వీటిని సేకరించినాడు. 1963లో కలకత్తా శివారున జోకాలో ప్రారంభమైన మ్యూజియానికి ఆ సేకరణే మూలధనం. జసీముద్దీన్ 1929లో ప్రకటించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యంలో నాయిక తన బ్రతుకు కథను ఒక కాంథామీద కుట్టి, తాను పోయిన తరువాత దానిని తన సమాధిపై పరచమంటుంది. కప్పుకొనేందుకు కుట్టినది చివరకు కప్పేందుకే వినియోగపడినదన్నమాట. దానిని గోడకు తగిలించాలన్న ఊహ ఆ పల్లెలో ఎవరికీ కలిగి ఉండదు.

బొంత గోడ ఎక్కడమన్నది ఇటీవలి ముచ్చట. 1971 జూలైలో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జోనథన్ హోల్‌స్టైన్, గేల్ వాన్ డర్ హూఫ్ అనే ఇద్దరు తాము సేకరించిన అమెరికా బొంతలను, ఆధునిక చిత్రాలను తగిలించినట్లు, తెల్లని గోడలమీద నిలువుగా వ్రేలాడగట్టినారు. మంచముమీద పరచినప్పుడు ఎవరికీ కనబడని ఆకృతి నిలబెట్టగానే కనబడినది. అక్కడ ప్రాధాన్యమంతా రూపానిదే, కుట్టిన చేతులది కాదు. 2002లో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెకు చెందిన నల్లజాతి స్త్రీల బొంతలు అదే మ్యూజియానికి వచ్చినప్పుడు మాత్రం కుట్టినవారి పేర్లు కూడా వాటితోపాటు గోడ ఎక్కినవి. ముప్పదియొక్క సంవత్సరాలు పట్టిన ఈ చిన్న సవరణ చిన్నదేమీ కాదు.

ఆ 1971లోనే, డిసెంబరు యుద్ధకాలంలో, సింధులోని థార్‌పార్కర్ ప్రాంతంనుండి ఎన్నో హిందూ కుటుంబాలు సరిహద్దు దాటి రాజస్థాన్‌లోని బార్మేరుకు, గుజరాత్‌లోని కచ్ఛ్‌కు వచ్చి చేరినవి. మరుసటి యేడు సిమ్లా ఒప్పందంతో ఆ భూభాగం తిరిగి పాకిస్తానుకు పోయినా, వచ్చినవారిలో చాలామంది వెనుదిరిగి పోలేదు. అట్లా నగర్‌పార్కర్ వైపునుండి వచ్చిన ఒక మేఘవాళ్ కుటుంబపు ఇల్లాలు తలమీద మోసుకొనివచ్చిన మూటలో ఒక రల్లీ పైపొర ఉన్నది. పైపొర మాత్రమే.

రల్లీ అనేది ఆ ఎడారి ప్రాంతపు బొంత. కలపడం అనే అర్థమున్న ధాతువునుండి ఆ పేరు వచ్చినదంటారు. రంగు గుడ్డలను చతురస్రాలుగా, త్రిభుజాలుగా కత్తిరించి అతికేది ఒక పద్ధతి. గుడ్డను మడిచి, కత్తెరతో పూవులా కత్తిరించి, విప్పి, దాని అంచులను లోపలికి ముడుస్తూ వేరొక గుడ్డమీద కుట్టేది మరొకటి. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు ఎక్కువ. పైపొర ఒక స్త్రీ ఒంటరిగా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి చేసుకొనే పని. అది ముగిసిన తరువాత నేలమీద చాప పరచి, అడుగు గుడ్డ వేసి, నడుమ ఇంటిల్లిపాదీ కట్టి విడిచిన పాత బట్టలను పొరలుగా నింపి, మీద పైపొర కప్పి, చుట్టుప్రక్కల స్త్రీలు కూడా చేరి లావాటి నూలుదారంతో వరుసలు వరుసలుగా కుట్టుతారు. ఆడపిల్ల పెండ్లికి ఎన్ని రల్లీలు పెట్టినారన్నది ఆ యింటి పరువు. ఆ ఇల్లాలు తన పదేండ్ల కూతురి పెండ్లికని మొదలుపెట్టిన పైపొర పూర్తి అయినది. చాప పరచేలోగా యుద్ధం వచ్చినది.

శిబిరంలో కట్టుకొన్న బట్టలు తప్ప పాతబట్ట అన్నదే లేదు. తరువాతి కాలంలో ఆమె ఎన్నో రల్లీలు కుట్టినది, కొన్ని అమ్మినది కూడా. ఈ పైపొరను మాత్రం పెట్టెలోనుండి తీయలేదు. కూతురు పెండ్లినాడు అడిగితే, "దీని కడుపులో పెట్టవలసినవి అక్కడనే ఉండిపోయినవి" అన్నదట. 2001 జనవరి 26వ తేదీ భూకంపంలో ఇల్లు కూలినప్పుడు ఆ ఇనుపపెట్టె సొట్టలు పడి బయటికి వచ్చినది. లోపలి గుడ్డ చెక్కుచెదరలేదు. ఆమె కాలం చేసిన తరువాత పెట్టె భుజ్‌లో బడిపంతులమ్మగా పనిచేసి విరమించిన ఆ కూతురి పాలికి వచ్చినది. వివాదం అప్పుడు పుట్టినది.

అన్నగారి మాట సూటిగా ఉన్నది: నాలుగు పాతబట్టలు వేసి, పదిమంది ఆడవాళ్లను పిలిచి, దానిని రల్లీగా పూర్తిచేసి తన మనుమరాలి పెండ్లికి ఇవ్వాలి. చెల్లెలు దానిని గోడకు పెడతానన్నది. "గోడకేమైనా చలి వేస్తున్నదా, చెల్లీ?" అన్నాడాయన. ఈ ప్రశ్నకు మ్యూజియములవారి దగ్గర కూడా మంచి సమాధానం లేదు. చెల్లెలు దానికి జవాబు చెప్పక గుడ్డనే చూపించినది. ఇనుముతో వేసే పాతకాలపు నలుపు రంగు కాలక్రమాన నూలును తినివేస్తుంది. నల్లని అతుకులు కొన్ని అప్పటికే వేలితో తాకితే పొడి రాలుతున్నవి. లావాటి సూదితో వేయి చోట్ల పొడిస్తే ఆ గుడ్డ నిలవదు. "ఏ బట్టలు నింపుతావన్నయ్యా? అంగడిలో కొన్నవా?" అన్నప్పుడు ఆయన ఊరకుండిపోయినాడు. ఊరకుండడం ఒప్పుకోవడం కాదు. ఆయన ఆ సాయంకాలమే బస్సెక్కి ఊరికి పోయినాడు.

పైపొరను గోడకు పెట్టడమంటే నాలుగు మూలల నాలుగు మేకులు కొట్టడమని చాలామంది తలుస్తారు. అది కుందేలును చెవులు పట్టుకొని ఎత్తినట్లు; బరువంతా మూలలమీద పడి నడిమిభాగం వ్రేలాడి, కుట్లు విచ్చిపోతవి. జిగురు పెట్టి అట్టకు అంటించడం అంతకన్న అన్యాయం, ఆ జిగురు మళ్లీ ఊడదు. గుడ్డకు ఆనించి అద్దం బిగిస్తే లోపల చెమ్మ పట్టి బూజు పుట్టుతుంది. పటము కట్టించవలసినదే అయితే గుడ్డ పరచిన పలకమీద దానిని దారంతో కుట్టి, అద్దానికీ దానికీ నడుమ వ్రేలెడు ఖాళీ ఉంచాలి. రెండు మీటర్ల నిడివిగల రల్లీకి అది చాలా ఖర్చు. పాత రల్లీలను ముక్కలుగా కోసి సంచులు, దిండుగలీబులు చేసి అమ్మే అంగళ్లున్నవి. చిరిగినదానిలో మంచి ముక్కను బ్రతికించడమంటే ఒప్పుకోవచ్చును గాని, నిండు వస్త్రాన్ని కత్తెరపాలు చేయడం చూసేవారి కడుపు తరుక్కుపోయే పని.

ఆమె ఎంచుకొన్న మార్గం అన్నింటికన్న సులువైనది. ముందుగా దానిని ఉతకలేదు. తడిపిన తెల్లని గుడ్డను ఎర్రని అతుకుమీద ఒక మూల ఒత్తి చూస్తే రంగు దిగినది. నీటిలో ముంచి ఉంటే తెలుపంతా గులాబి అయ్యేది. సన్నని వల పరచి, వలమీదుగా దుమ్ము పీల్పించినది. కుళ్లిన నల్లని అతుకుల వెనుక పలుచని మల్లుగుడ్డ ముక్కలు పెట్టి, అతుకు చుట్టూ గట్టిగా ఉన్న గుడ్డకు వాటిని నిలిపినది. పోగులు ఊడే అంచులను ఒక్క వ్రేలి వెడల్పున వెనుకకు మడిచి సన్నకుట్టు వేసినది. వెనుక అస్తరుకు కొత్త గుడ్డ అయితే రెండుమార్లు ఉతికి గంజి వదిలించి వేయాలి, లేకపోతే తరువాత అది ముడుచుకొని పైపొరను లాగివేస్తుంది. అస్తరును పైనా ప్రక్కలా కుట్టి, అడుగున వదలివేయడం మంచిది. రెండు గుడ్డలు సాగే తీరు ఒకటి కాదు గదా. ఇక అస్తరు పైభాగాన, పావడాకు బొందు దూర్చే మడత వంటిదే, పది సెంటీమీటర్ల వెడల్పున, కొంచెం వదులుగా, అడ్డంగా ఒక దోపు కుట్టాలి. ఆ వదులు లేకపోతే కర్ర ఉబ్బు ముందువైపున గీతలా కనబడుతుంది. ఆ దోపులో కర్ర దూర్చితే బరువు వస్త్రపు వెడల్పంతటా సమంగా పంచుకొంటుంది. పచ్చి కొయ్య నూలుకు మచ్చ తెస్తుంది కాబట్టి కర్రకు ఉతికిన పాతగుడ్డ చుట్టినది.

అస్తరుకు గుడ్డ కొనబోయే వారంలోనే అన్నగారు మళ్లీ వచ్చినాడు. చేతిసంచిలో తల్లి చివరి యేండ్లలో కప్పుకొన్న రెండు ఓఢణీలు ఉన్నవి, ఉతికి మడత పెట్టినవి. "ఇవి వెనుక వెయ్యి," అన్నాడు, "ఎవరికీ కనబడనక్కరలేదు." కూర్చుండి కర్రకు గుడ్డ చుట్టిపెట్టినది కూడా ఆయనే. రెండు ఓఢణీలు కలిసినా ఒక జానెడు తక్కువ వచ్చినవి; ఆ జానెడు ఆయన భార్య పాత చీరెనుండి తీసుకొన్నారు.

ఎండ తగలని లోగోడమీద, కిటికీకి ఎదురుగా కాక ప్రక్కగా దానిని తగిలించినారు. నూలు వస్త్రాలకు మ్యూజియములు 50 లక్సులకు మించిన వెలుతురు తగలనీయవు. ఇండ్లలో అంత పట్టింపు సాధ్యం కాదు గనుక, దీపావళినుండి హోళీ వరకు గోడమీద, మిగిలిన కాలం చుట్టగా పెట్టెలో అని ఆమె ఏర్పాటు. చుట్టేటప్పుడు ముఖం బయటికి రావాలి, ముడుత పడితే అస్తరుమీద పడుతుంది. వేపాకు గుడ్డసంచిలో కట్టి పెట్టాలే గాని ఆకు వస్త్రానికి తగలకూడదు.

మొదటి హోళీ మరునాడు ఉదయం దానిని దించి, చుట్టడానికి గొట్టం తెచ్చేలోపల మంచముమీద పరచినారు. ఎడారి చలి ఇంకా పూర్తిగా పోలేదు. అన్నగారి మనుమరాలు దాని క్రిందికి దూరి నిద్రపోయినది. చేతుల జిడ్డు, చెమట నూలుకు ఎంత చెరుపో ఆ పంతులమ్మకు బాగా తెలుసును. గొట్టం గోడకు ఆనించి, పిల్ల లేచేదాకా ఆమె వంటింట్లో పని చూసుకొన్నది.