చెయ్యి కాదు, ఫోకస్

ఫొటో మసకగా వస్తే మనందరం ముందు అనే మాట "చెయ్యి షేక్ అయింది". కానీ చెయ్యి కదిలితే ఫొటో అంతా ఒకవైపుకి సాగినట్టు వస్తుంది. ఫోకస్ తప్పితే మాత్రం ఫ్రేములో ఇంకేదో ఒకటి స్పష్టంగా ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్నకి చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి ఫొటోలు తీస్తాడు. పోయినేడు 50 ఎంఎం లెన్స్ కొన్నప్పటి నుంచి క్లోజప్‌లు బాగా రావట్లేదు. ఒక పెళ్ళివాళ్ళు మొహం మీదే "అద్దాలు మార్చుకోండి అంకుల్" అన్నారు. "వయసైపోయింది బిడ్డా, ఇగ నాతోని కాదు" అన్నాడు నాన్న. తర్వాతి ఆర్డర్లు వేరేవాళ్ళకి ఇచ్చేద్దామనుకున్నాడు.

ఎల్బీనగర్‌లోని ఇంటికి మెట్రోలో వెళ్తూ ఆ ఫొటోలు కెమెరా తెర మీదే జూమ్ చేసి చూశాను. చైతన్యపురి దాటేలోపే సంగతి తెలిసింది. పెళ్ళికూతురి కళ్ళు మసక, చెవి కమ్మలు స్పష్టం. తర్వాతి ఫొటో కూడా అంతే. ప్రతిసారీ తప్పు వెనక్కే. వణికే చెయ్యి ఇంత క్రమంగా తప్పు చెయ్యదు.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు. లెన్స్ నుంచి రెండింటికీ వెలుగు వెళ్ళే దూరం సమానంగా ఉండాలి. ఏ కాస్త తేడా వచ్చినా కెమెరా "కుదిరింది" అంటుంది, ఫొటో కుదరదు. అందుకే 2007లో వచ్చిన కెనాన్ ఈఓఎస్-1డీ మార్క్ 3, నికాన్ డీ3, డీ300లలో లెన్స్ వారీగా దిద్దుకునే సెట్టింగ్ ఇచ్చారు. -20 నుంచి +20 దాకా మార్చుకోవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో రెండు పనులూ ఒకే సెన్సర్ చేస్తుంది కాబట్టి ఈ బాధ దాదాపు లేదు. నాన్నది పాత డీఎస్‌ఎల్‌ఆరే, కానీ మెనూలో ఆ సెట్టింగ్ ఉంది.

ఆదివారం డాబా మీద ట్రైపాడ్ పెట్టాం. ఒకటిన్నర మీటర్ల దూరంలో అట్టపెట్టెకి న్యూస్‌పేపర్ అంటించి, పక్కన స్కేలు ఏటవాలుగా నిలబెట్టాం. ఎపర్చర్ ఎఫ్/1.8. అంత దగ్గర్లో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 6, 7 సెంటీమీటర్లే. ఎఫ్/8 పెడితే 25 దాటుతుంది. స్టేజీ మీద గ్రూప్ ఫొటోలు ఎప్పుడూ బాగానే ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది.

ప్రతి షాట్‌కి ముందు ఫోకస్ కావాలనే చెడగొట్టి, మళ్ళీ పట్టించి, ఒక్కో విలువకి 5 ఫొటోలు తీశాం. లైవ్ వ్యూలో ఫొటో సెన్సరే ఫోకస్ చూస్తుంది కాబట్టి, పోల్చడానికి అందులో ఒకటి తీసి పెట్టుకున్నాం. 0 దగ్గర ఫోకస్ 6 సెంటీమీటర్లు వెనక పడుతోంది. మైనస్‌కి పోతే ఫోకస్ కెమెరా వైపు జరుగుతుంది. -5, -10, -15 చూసి, చివరికి -12 దగ్గర ఆగాం.

తర్వాత నాన్న ట్రైపాడ్ తీసేసి, చేత్తోనే అమ్మవి 10 ఫొటోలు తీశాడు. తొమ్మిదింట్లో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఏమీ మాట్లాడకుండా చాలాసేపు చూసి, ఆర్డర్ వాళ్ళకి ఫోన్ చేసి "నేనే వస్తున్న" అని చెప్పాడు.

కంటి డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. చత్వారం మాత్రం నిజమేనట.