అక్కరకు రావలసిన విద్య

విద్యలు రెండు విధములు. నిత్యము వాడుకలో నుండునవి కొన్ని, ఎన్నడో యొకనాడు అక్కరపడునవి కొన్ని. వంటయు, కుట్టుపనియు మొదటి తరగతివి. వానికి వేఱుగ సాధన యక్కరలేదు. దినదినము చేయుటయే సాధన. నీట మునిగినవారిని బ్రతికించు విద్య రెండవ తరగతిది. అది అక్కరపడకుండుటయే మన కోరిక. కాని అక్కరపడని విద్యయే త్వరగా మఱపునకు వచ్చును. ఈ చిక్కు నాకు బోధపడినది నా చెల్లెలి కుమార్తె వలన.

ఆమె అండమానులందలి స్వరాజ్ ద్వీపమున స్కూబా ఈతగాండ్రకు దారిచూపు నాయకురాలు. 2018 వఱకు ఆ దీవికి హావ్‌లాక్ అని పేరు. వీపున గాలి సిలిండరు దాల్చి, నోట నమర్చుకొన్న సాధనము ద్వారా ఊపిరి పీల్చుచు సముద్రగర్భమున సంచరించుటయే స్కూబా. ఇందుకు తగిన సాధనమును 1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యా అనువారు నిర్మించిరి. వేడుకయే గాని, అపాయము లేని వేడుక గాదు. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపగును. అచ్చట పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, అది వ్యాకోచించి ఊపిరితిత్తులు చినుగవచ్చును. భయపడినవారు సాధారణముగ చేయునది ఆ పనియే. అందుచేతనే నాయకులు వెంట నుండవలెను.

ఆ యుద్యోగము మాన్పించి పిల్లను వెంటబెట్టుకొని రమ్మని నా చెల్లెలు నన్నచ్చటికి పంపెను.

నేను పోయిన మఱునాడే వారి నెలవారీ అభ్యాసము జరిగెను. నాకు వింత తోచి యడిగితిని: "పరీక్షలన్నియు నెగ్గితివి గదా, తల్లీ! మరల నీ పాఠములెందుకు?"

"పెద్దమ్మా! దినమునకు రెండుమార్లు నీట దిగుచున్నాను. చేపలను చూపుట నేను మఱచిపోను. పనిలో చేరిన నాటినుండి ఆపద యొక్కటియు రాలేదు. నాకు భయము దానివలననే" అని యామె బదులు చెప్పెను.

ఆమె నెగ్గిన పరీక్షలు స్వల్పములు గావు. 1966లో అమెరికాలో స్థాపితమైన పాడి సంస్థవారి పద్ధతిలో డైవ్ మాస్టర్ కాగోరువారికి పదునెనిమిదేండ్లు నిండవలెను. రక్షణశిక్షణలో ముందుగనే ఉత్తీర్ణులు కావలెను. అఱువదిమార్లైనను మునిగి యుండవలెను. అలసినవారిని నూఱు మీటర్లు లాగుకొని పోవలెను. ప్రథమ చికిత్స నేర్చి యిరువదినాలుగు నెలలు మించి యుండరాదు. ఈ కడపటి నియమమునందే మర్మమున్నది. గుండెను నొక్కి ఊపిరి నిలుపు నేర్పు కొన్ని నెలలకే సడలునని పరిశోధకులు కనుగొనిరి. చీటీ పెట్టెలో భద్రముగనే యుండును, చేతులు మఱచును.

ఆనాడు ఒక యువకుడు తెలివితప్పినట్లు నీటిపై బోర్ల దేలెను. మా పిల్ల అతనిని వెల్లకిల ద్రిప్పి, తేలుటకై వేసికొన్న చొక్కాను గాలితో నింపి, నడుము బరువులను విడిచివేసెను. పిదప ఒడ్డునకు లాగుచు, అయిదేసి క్షణముల కొక ఊపిరి యిచ్చుచున్నట్లు నటించుచు, నడుమ నడుమ పట్టీలను విప్పవలెను. ఒక పట్టీ బిగిసి లెక్క ఎనిమిదికి బోయెను. చూచువారెవ్వరును కేకవేయలేదు. ఆమె తానే ఆగి, అతనిని మరల లోతునకు గొనిపోయి మొదటినుండి ప్రారంభించెను. మూడవమారు గాని లెక్క తప్పకుండ ఒడ్డు చేరలేదు.

నేను ఉద్యోగము మాట యెత్తకయే తిరిగి వచ్చితిని. నా చెల్లెలు కొన్నాళ్లు నాతో సరిగా మాటాడలేదు. సముద్రమునకు వెఱచుట తప్పుగాదని ఆమెకు చెప్పితిని. అమ్మాయియు వెఱచుచున్నది, ఆ వెఱపుతోనే నెలనెల సాధన చేయుచున్నది.

సోదరీమణులారా! మనకు సముద్రము లేకున్నను బావులున్నవి, చెఱువులున్నవి, కాలువలున్నవి, పెరటిలో నీటి సంపులున్నవి. పసిబిడ్డకు బకెట్టు నీరును చాలును. మునుగువారిని జూచి తొందరపడి దుముకరాదు. ప్రాణభీతితో వారు రక్షింపవచ్చినవారిని గూడ ముంచుదురు. వెదురుగడ చాపుడు, త్రాడు విసరుడు, మూత బిగించిన ఖాళీ డబ్బా వేయుడు. ఒడ్డు చేరినవారి కడుపు నొక్కుట, తలక్రిందులుగ త్రిప్పుట మన యూళ్లలో చూచుచుందుము. వానివలన వాంతియగుటయు, అమూల్యమైన కాలము పోవుటయు తప్ప లాభము లేదు. వెల్లకిల పరుండబెట్టుడు. శ్వాస లేనిచో మొదట నోటితో ఊపిరి యిచ్చి, రొమ్ము నడుమ ముప్పదిమార్లు నొక్కి, మరల రెండూపిరు లిండు. నిముషమునకు నూఱునుండి నూటయిరువదిమార్ల వేగమున నొక్కవలెను. ఒకరు 108కి కబురు చేయవలెను. సహాయము వచ్చువఱకు మానరాదు.

ఇది చదివినంతమాత్రమున చేతికి రాదు. అభ్యాసము కూసువిద్య యని పెద్దలు చెప్పిరి గదా. రెడ్ క్రాస్‌వారి వంటి సంస్థలు దీనిని బొమ్మలపై నేర్పుచున్నవి. ఇంటికొకరైనను పోయి నేర్చికొనుడు. ఏడాది తిరుగకుండ మరల పోయి, చేతులకు జ్ఞాపకము చేసి రండు.