కొల్లేటి గట్ల మీద మేత వేళ

ఏలూరులో కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలుస్తాయి. తమ్మిలేరు ఊరిని దాటి కొల్లేరు సరస్సులో పడుతుంది. తివాచీలు నేసిన ఊరు ఇది. తూర్పున తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు పేరుబడ్డది. కానీ ఈ నేల రుచి తెలియాలంటే ఆకివీడు, కైకలూరు వైపు పొద్దున్నే చెరువు గట్టెక్కాలి.

అది మేత వేళ. మిల్లుల్లో నూనె తీసిన తవుడుకు నూనెగింజల చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బస్తాల్లో నింపుతారు. వాటిని పడవలో వేసుకెళ్లి, చెరువులో పాతిన కర్రలకు వరసగా కడతారు. శీలావతి, బొచ్చె చేపలు గుంపుగా వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేత లాగుతుంటే బస్తాలు కదులుతాయి. మేత నీటిపాలు కాదు, అడుగున కుళ్లదు. ఎంత మిగిలిందో చూస్తే చేప ఒంట్లో ఎలా ఉందో తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజు నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక మేతా తగ్గిస్తారు. రైతులే పట్టుకున్న ఈ బస్తాల కిటుకు నాకు ఏ పరిశోధనాలయపు పనికీ తీసిపోదనిపిస్తుంది. అలా పెరిగిన చేప ఐసులో సర్దుకుని లారీలెక్కి బెంగాల్, అస్సాం చేరుతుంది.

అయితే ఈ చెరువులు ఎక్కడ తవ్వారన్నదీ చూడాలి. జార్ఖండ్‌లో బొగ్గు తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్లు నిలిస్తే, తేలే వల పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నారు. పాడుబడ్డ చోటుకు ప్రాణం పోయడమది. కొల్లేట్లో జరిగింది తలకిందులు: బతికున్న సరస్సుకే గట్లు వేశారు. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకని మొదలైన చెరువులు తర్వాత పెట్టుబడిదారుల చేతికి పోయాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యంలోని గట్లు పగలగొట్టారు. పగలగొట్టడం న్యాయమే. అయితే సరస్సులోని లంక గ్రామాల వాళ్లకు ముందుగా మరో బతుకుదెరువు చూపించి ఉండాల్సింది. బుడమేరు వాగు వరద ఆగేది ఈ సరస్సులోనే, దిగేది ఉప్పుటేరు గుండానే. ఆ దారిలో గట్టు వేస్తే మునిగేది మొదట లంకలే.

ఇటు వస్తే చూడాల్సినవీ ఉన్నాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది, ఫాల్గుణంలో జాతర.

కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడతాయి. చూడాలంటే చలికాలం మేలు.