పచ్చివాసన

ఈ వ్యాసం రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. సారా వ్యతిరేక ఉద్యమం మనకి ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ల కబురు మా ఊరికి చేరేటప్పటికి నాకు పదకొండేళ్లు. మాది కొండపి దగ్గర పల్లె. అమ్మ కూడా చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు బైఠాయించింది. ఆ అమ్మ కూతురు ఇప్పుడు వైన్ రుచి గురించి రాస్తుందా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా రాస్తున్నాను. ఆ గ్లాసులో నాకు తగిలింది మా అమ్మ చేతుల వాసన మరి.

2019లో నాలుగు నెలలు ఫ్రాన్స్‌లో, లువార్ నది ప్రాంతంలోని ఒక యూనివర్సిటీలో ఉన్నాను. అక్కడ నాతో పనిచేసిన ప్రొఫెసర్ ఒకావిడ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఓ ఆదివారం నన్ను షినోన్ తీసుకెళ్లింది. వియెన్ నది ఒడ్డున చిన్న ఊరు. అక్కడి సున్నపురాయి మెత్తన. ఇళ్లకోసం రాయి తవ్వగా మిగిలిన గుహల్లో వైన్ దాచుకుంటారు. ఎర్ర వైన్‌కి అక్కడ ముఖ్యమైన ద్రాక్ష ఒక్కటే, కబర్నే ఫ్రాన్.

ముందు కొత్త వైన్ పోశారు. ముక్కు దగ్గర పెట్టుకోగానే కోసిన క్యాప్సికం వాసన. అమ్మ దాన్ని బెంగుళూరు మిరపకాయ అంటుంది. "పచ్చిగా ఉంది" అనేసి నాలుక్కరుచుకున్నాను. ఆవిడ నవ్వి, సరిగ్గానే పట్టావంది. మిథాక్సీ పైరజీన్లనే పదార్థాలట. క్యాప్సికంలో ఉన్నదే ద్రాక్షలోనూ ఉంటుంది. లీటరు నీళ్లలో రెండు నానోగ్రాములు, అంటే గ్రాములో వందకోట్లవ వంతులు రెండు, ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. కాయ పండేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ తగ్గుతుంది. చల్లటి చోట్ల కొంత మిగిలిపోతుంది. బాగా మగ్గిన, తియ్యటి పళ్ల రుచి ఉన్న వైన్లకి గిరాకీ పెరిగిన కాలంలో దీన్ని లోపంగానే లెక్కగట్టారు చాలామంది విమర్శకులు.

'ఇంకా పండాలి' అన్నమాట నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్లప్పుడు పొగాకు బ్యారన్ మీద ఒక కథ రాసి ఒక పెద్దాయనకి చూపించాను. "పచ్చిగా ఉందమ్మా, ఇంకొంచెం పండాలి" అన్నారు. మన భాషలో పచ్చి ఎన్నిటికి అంటుకుంటుందో చూడండి. పచ్చి గాయం, పచ్చి బాలింత, పచ్చి బూతు. ఆయన ఏ పచ్చిని ఉద్దేశించారో అడగలేకపోయాను. కథని ట్రంకుపెట్టెలో పెట్టేశాను.

తర్వాత 1989 నాటి సీసా తీశారు. నాకు ఎనిమిదేళ్లప్పటి పంట. రంగు వెలిసి ఇటుక రంగుకి దిగింది. పళ్ల వాసన వెనక్కి వెళ్లిపోయింది. తడి మట్టి, ఎండుటాకులు, టీ పొడి... వాటి మధ్యలో ఆ పచ్చిదనం అలాగే ఉంది. పైరజీన్లు సీసాలో అంత తేలిగ్గా పోవట. చుట్టూ ఉన్నవి మారతాయి, అంతే. "పొగాకు" అందావిడ. ఆవిడకి గుర్తొచ్చింది చుట్టల పెట్టె. నాకు మాత్రం బ్యారన్ తలుపు సందులోంచి వచ్చే, సగం పచ్చి సగం ఎండిన ఆకు వాసన. కర్రలకి పచ్చాకు కట్టి వచ్చిన అమ్మ చేతులకి నల్లటి జిగురు పట్టి ఉండేది. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదు. మంచుకి తడిసిన ఆకు ముట్టుకున్న రోజుల్లో అమ్మకి వాంతులయ్యేవి. పడిశం, పైత్యం అనుకునేవాళ్లం. ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుందని చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. ఆ కూలిడబ్బులే నాన్న సారాకి పట్టుకుపోయేవాడు.

వైన్ వాసనలకి పేర్లు పెట్టి ఒక చక్రంగా అమర్చినావిడ ఆన్ నోబుల్. 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ద్రాక్ష, వైన్ శాస్త్ర విభాగంలో చేరిన తొలి మహిళా అధ్యాపకురాలు. 'సొగసైన', 'సమతూకమైన' లాంటి గాలిమాటలు వద్దు, ముక్కుకి ఏం తగిలిందో అది చెప్పండి అంది. 1984లో వచ్చిన ఆ చక్రంలో ఆకు, కూర వాసనలది ఒక భాగం. అందులో క్యాప్సికం 'పచ్చివి' కింద, పొగాకు 'ఎండినవి' కింద ఉంటాయి. రెండూ ఒకే కొమ్మ. అది చూసినప్పుడు, నా ముక్కుకి తెలిసినదాన్ని చెప్పడానికి నేనెవరి అనుమతి కోసమో ఇన్నాళ్లు ఆగానా అనిపించింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. రుచి చూసి ఉమ్మేస్తారని చెబితే "ఉమ్మేసేదానికి అంత డబ్బెందుకే?" అని నవ్వింది. కాసేపాగి, "మీ నాయన తాగిందీ ఇట్టాంటిదేగా" అంది. కాదని అనలేకపోయాను. నేను తాగింది నా సంపాదనతో, అరగ్లాసు. నాన్న తాగింది అమ్మ సంపాదన. ఆ తేడా అమ్మకి నేను వివరించాలా? ఊరుకున్నాను. తర్వాత వాసన సంగతి చెప్పాను. "నీ చేతుల వాసనొచ్చిందమ్మా" అన్నాను.

"అది సబ్బుకి పోయేది కాదుగదే" అంది అమ్మ.

ఊరొచ్చాక ట్రంకుపెట్టె తెరిచి ఆ కథ తీశాను. అక్షరదోషాలు దిద్దాను. అన్నం ముద్ద చేదుగా ఉందన్న వాక్యం పక్కన పెద్దాయన పెట్టిన ఎర్ర గీత ఇంకా ఉంది. ఆ వాక్యాన్ని అలాగే ఉంచేశాను.